చెవిలో గుచ్చే ట్రెబుల్: ఈక్వలైజరా, ఫోమ్ టిప్సా, ప్లాస్టరా, కొత్త హెడ్‌ఫోన్సా?

మా మేనల్లుడు భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పులు విప్పీ విప్పకుండానే ఇయర్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టాడు. "మావయ్యా, ఇవి పెట్టుకుంటే చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది. ఎవరికైనా ఇచ్చేసి వేరేవి కొంటాను. ఏవి కొనమంటావ్?"

నేను పెట్టుకుని విన్నాను. నాకేమీ గుచ్చుకోలేదు. ఏదీ, నువ్వు పెట్టుకో అని చూస్తే టిప్ సగం చెవి బయటే వేలాడుతోంది. డబ్బాలో ఒక్కసారి కూడా తియ్యని పెద్ద సైజు టిప్స్ ఉన్నాయి. అవి వేసి పెట్టాను. "ఇదేంటి, బేస్ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు. ఆ ఇయర్‌ఫోన్సే ఇప్పటికీ వాడుతున్నాడు.

అందరి సంగతీ ఇలా ఐదు నిమిషాల్లో తేలదు. నా సొంత హెడ్‌ఫోన్‌తో నేను ఏడాది అవస్థపడ్డాను. ప్లాస్టర్ అంటించాను, పీకాను, ప్యాడ్లు మార్చాను, అమ్మకానికి పెట్టాను, మళ్లీ మనసు మార్చుకున్నాను. చివరికి కంప్యూటర్‌లో ఒకే ఒక్క ఫిల్టర్‌తో దారికొచ్చింది. ఆ ఏడాదిలో తెలిసిందల్లా ఇక్కడ పెడుతున్నాను. మీ అవస్థ ఎలాంటిదో ముందు తేల్చుకుంటే, దానికి ఏ మందు సరిపోతుందో ఎంచుకోవడం కష్టం కాదు.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

ట్రెబుల్ అంటే పైస్థాయి సన్నటి శబ్దం, బేస్ అంటే కింది స్థాయి బరువైన శబ్దం. "ట్రెబుల్ ఎక్కువగా ఉంది" అనడం "కూర బాగాలేదు" అనడం లాంటిది. ఉప్పెక్కువైందా, కారమెక్కువైందా, లేక పులుపు తగ్గి కారం పైకి తేలిందా చెబితేగానీ సరిచేయలేం.

*నిజంగా ట్రెబులే ఎక్కువా, బేస్ కారిపోతోందా?* ఇయర్‌ఫోన్స్‌ను వేలితో మెల్లిగా లోపలికి నొక్కండి. పెద్ద హెడ్‌ఫోన్స్ అయితే రెండు కప్పులనూ అరచేతులతో తలకి ఆనించి పట్టండి. బేస్ ఒక్కసారిగా నిండి, గుచ్చుకోవడం తగ్గిందంటే మీ దగ్గర ఎక్కువైంది ట్రెబుల్ కాదు. చెవికీ టిప్‌కీ మధ్య సందు ఉంది. ఆ సందులోంచి ముందుగా పోయేది బేస్. మిగిలిన శబ్దం ఎండిన కొబ్బరాకు గరగరలా వినిపిస్తుంది. కళ్లద్దాల కాడ హెడ్‌ఫోన్ ప్యాడ్ కింద దూరినా ఇదే జరుగుతుంది.

*ట్రెబుల్ అయితే, ఏ ట్రెబుల్?* శబ్దం ఎంత పైస్థాయిదో కిలోహెర్ట్జ్‌ల్లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. చెవికి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య చురుకు ఎక్కువ. చెవి రంధ్రమే దాదాపు 3 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని సహజంగా పెంచుతుంది. అక్కడ ఎక్కువైతే గొంతులు అరిచినట్టు, సన్నాయి నెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది. 5 నుంచి 9 మధ్య ఎక్కువైతే స, శ, ష గుచ్చుకుంటాయి, తాళాలు చెవిలో చీరుకుపోతాయి. 10 పైన ఎక్కువైతే పాత రికార్డింగుల్లోని "స్‌స్‌స్" మొత్తం పాట మీద ఉప్పు చల్లినట్టు పరుచుకుంటుంది. మన భాషలో దీనికి మంచి పరీక్ష ఉంది. చలి, చాప లాంటి మాటల్లో నాలుక పళ్లకి తగిలి పలికే "చ" ఉంటుంది కదా, అది నోటితో అన్నదానికన్నా పదునుగా వినిపిస్తే గొడవ 5 నుంచి 9 మధ్యలో ఉన్నట్టే. వార్తలు చదివే గొంతు ఏదైనా రెండు నిమిషాలు వింటే చాలు.

*అన్ని పాటలకీ ఉందా, కొన్నిటికేనా?* వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చిన జాతర పాటని హెడ్‌ఫోన్ మార్చి బాగుచేయలేం. బాగా కుదించిన ఎంపీ3ల్లో పైస్థాయి శబ్దాలు గులకరాళ్ల మీద నీళ్లు పారినట్టు గలగలలాడతాయి. ఆ తప్పు ఫైల్‌ది. నేను పరీక్షకి వీణ పెట్టుకుంటాను. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారిదో, ద్రాక్షారామంలో పుట్టిన ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి గారిదో. తీగ మీటిన చప్పుడు, మెట్టు మీద వేలు జారిన చప్పుడు వినిపించాలి, కానీ ఉలిక్కిపడేలా ఉండకూడదు. గొంతుకైతే రాజోలు పక్క శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు ఉండనే ఉన్నారు. ఇవి కూడా గుచ్చుతుంటే అనుమానం హెడ్‌ఫోన్ మీదికి పోవచ్చు.

*ఎక్కడ వింటారు, ఎంత సౌండ్‌తో వింటారు?* దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. దీని గురించి కింద కాస్త ఎక్కువ చెప్పాలి.

*చేసిన పని వెనక్కి తీసుకోగలరా?* నచ్చకపోతే మళ్లీ మొదటికి రాగలిగే పద్ధతినే ముందు ప్రయత్నించాలి. వారంటీ ఉన్నంతకాలం ఇది మరీ ముఖ్యం.

మొదటి దారి: పైసా ఖర్చు లేని సర్దుబాటు

టిప్ సైజుతో మొదలుపెట్టండి. రెండు చెవులకీ ఒకే సైజు పడుతుందని రూలేమీ లేదు. నాకే కుడి చెవికి మధ్య సైజు, ఎడమ చెవికి పెద్దది.

తర్వాత లోతు. ఇయర్‌ఫోన్‌కీ కర్ణభేరికీ మధ్య చిక్కుకున్న గాలి పిల్లనగ్రోవిలో గాలిలాగే పలుకుతుంది. మామూలు లోతులో ఆ పలుకు 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. ఇంకాస్త లోపలికి పెడితే గాలి స్తంభం పొట్టిదై పలుకు పైకి జరుగుతుంది. గొట్టం పొట్టిదైన పిల్లనగ్రోవి స్వరం పెరిగినట్టే. అందుకే కొందరికి ఇయర్‌ఫోన్ ఒక మిల్లీమీటరు లోపలికి జరపగానే "శ" మెత్తబడుతుంది. ఒకే ఇయర్‌ఫోన్ ఒకరికి తేనె, ఇంకొకరికి సూది అవడానికి సగం కారణం ఇదే. సమీక్షలు రాసేవాళ్ల చెవి మీ చెవి కాదు.

ఇప్పుడు సౌండ్ సంగతి. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి పోయే పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారనుకోండి. ఇంజిన్ రొద, కిటికీ అద్దాల దడదడ, అంతా కింది స్థాయి శబ్దమే. అది పాటలోని బేస్‌ని మింగేస్తుంది. వినపడటం లేదని మీరు సౌండ్ పెంచుతారు. బేస్‌తో పాటు ట్రెబుల్ కూడా పెరుగుతుంది. బేస్‌ని బస్సు మళ్లీ మింగేస్తుంది, ట్రెబుల్‌కి అడ్డేమీ లేదు. రావులపాలెం వచ్చేసరికి తలనొప్పి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద కూడా ఇంజిన్ పక్కన నిలబడితే ఇదే కథ. ఇక్కడ మందు ట్రెబుల్ కోయడం కాదు, రొద లోపలికి రాకుండా చూడటం. గట్టిగా అమరే టిప్స్ గానీ, రొదని తగ్గించే ఏఎన్‌సీ గానీ ఉంటే తక్కువ సౌండ్‌తోనే సరిపోతుంది. ఏఎన్‌సీ బాగా తగ్గించేది సరిగ్గా ఈ కింది స్థాయి రొదనే.

ఇంట్లో పడుకుని విన్నా అంతే. సౌండ్ నాలుగు మెట్లు తగ్గించి పది నిమిషాలు ఆగండి. మొదట చప్పగా ఉంటుంది, తర్వాత చెవి అలవాటు పడుతుంది. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, సగటున 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సౌండ్ తగ్గించగానే గుచ్చుకోవడం పోయిందంటే మీ హెడ్‌ఫోన్‌కి రోగం లేదు.

ఫోన్ సెట్టింగ్స్‌లో "క్లియర్ వాయిస్", "3డీ", "ట్రెబుల్ బూస్ట్" లాంటివి ఆన్‌లో ఉన్నాయేమో కూడా చూడండి. మా ఇంట్లో రెండు ఫోన్లలో ఉన్నాయి. ఎవరు పెట్టారంటే ఎవరూ ఒప్పుకోలేదు.

రెండో దారి: ఈక్వలైజర్

ఒక్కో స్థాయి శబ్దాన్ని విడివిడిగా పెంచి తగ్గించే మీటలే ఈక్వలైజర్. సర్దుబాటుతో పని కాకపోతే నా ఓటు దీనికే. ఖర్చు లేదు, నచ్చకపోతే ఒక్క నొక్కుతో పోతుంది, ఏ స్థాయిలో గొడవ ఉందో అక్కడే చెయ్యి పెట్టొచ్చు. కానీ అన్ని ఈక్వలైజర్లూ ఒకటి కావు.

టీవీలో, కారులో ఉండే "ట్రెబుల్" మీట మొద్దు కత్తి. ఒక స్థాయి దాటిన ప్రతిదాన్నీ కిందికి లాగేస్తుంది. శ గుచ్చుకోవడం తగ్గుతుంది, దాంతో పాటు తంబూరా తీగల ఝుంకారం పోతుంది, మృదంగం అంచు పోతుంది, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు అవుతుంది. 10 కిలోహెర్ట్జ్ పైన హిస్ ఎక్కువగా ఉన్న పాత పాటలకి మాత్రం ఇది పర్లేదు.

పాటల యాప్‌లోని ఈక్వలైజర్ కూడా చూసి వాడాలి. స్పాటిఫైలో 60, 150, 400 హెర్ట్జ్, తర్వాత 1, 2.4, ఆపైన ఏకంగా 15 కిలోహెర్ట్జ్‌కి మీటలు ఉంటాయి. మనకి కావలసిన 6, 7, 8 దగ్గర మీటే లేదు. 15ని ఎంత కిందికి లాగినా "శ" మీద పట్టు దొరకదు. ఐఫోన్‌లో ఆపిల్ మ్యూజిక్‌కి "ట్రెబుల్ రెడ్యూసర్" అనే ఎంపిక ఉంది. అది ఆ యాప్‌కే పనిచేస్తుంది, యూట్యూబ్‌కి కాదు.

ఆండ్రాయిడ్ వాడేవాళ్ల పని కాస్త సులువు. శాంసంగ్ ఫోన్లలో సౌండ్ సెట్టింగ్స్‌లోనే 9 మీటల ఈక్వలైజర్ ఉంటుంది. వేవ్‌లెట్ అనే యాప్ చాలా యాప్‌ల శబ్దం మీద పనిచేస్తుంది. అందులో ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టు తయారుచేసిన సవరణలు ఉంటాయి. మీ మోడల్ పేరు వెతికి ఎంచుకుంటే చాలు. ఒక్క హెచ్చరిక: ఆ సవరణలు కృత్రిమ చెవి మీద కొలిచి రాసినవి. 8 కిలోహెర్ట్జ్ దాటాక మీ చెవి ఆ కృత్రిమ చెవికి దూరంగా జరిగిపోతుంది. అది పెట్టాక ఇంకా గుచ్చితే యాప్‌ని తిట్టుకోకుండా పై మీటలు మీ చెవికి తగ్గట్టు మార్చుకోండి. వైర్‌లెస్ బడ్స్ వాడేవాళ్లు కంపెనీ యాప్‌లోని ఈక్వలైజర్‌ని ముందు చూడాలి. చాలా బడ్స్‌లో ఆ సెట్టింగ్ బడ్స్‌లోనే దాచుకుంటుంది కాబట్టి ఫోన్ మారినా, టీవీకి కలిపినా వెంటే వస్తుంది.

కంప్యూటర్ ఉన్నవాళ్లకి విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనేది ఉచితం. నేను వాడేది అదే. ఇందులో పారామెట్రిక్ ఫిల్టర్ ఉంటుంది, అంటే ఎక్కడ, ఎంత వెడల్పున, ఎంత లోతుగా కోయాలో మీరే చెప్పొచ్చు. కోయాల్సిన చోటు కనుక్కోవడం ఇలా: టోన్ జనరేటర్ యాప్ తెరిచి, సౌండ్ బాగా తగ్గించి, 3 కిలోహెర్ట్జ్ నుంచి 12 దాకా మెల్లిగా జరపండి. సౌండ్ తగ్గించమన్నది ఊరికే అనలేదు. శిఖరం, అంటే హెడ్‌ఫోన్ శబ్దాన్ని ఎక్కువ చేసి పలికే చోటు, తగిలినప్పుడు చెవి జివ్వుమంటుంది. ఒక చోట శబ్దం హఠాత్తుగా పైకి లేస్తుంది. ఆ అంకె రాసుకోండి. నాకు 6.2 దగ్గర దొరికింది. అక్కడ క్యూ విలువ (కోత ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 3, లోతు 4 డెసిబెల్స్ పెట్టి వదిలేశాను. 10 డెసిబెల్స్ తగ్గిస్తే ఆ శబ్దం సుమారుగా సగమైనట్టు వినిపిస్తుంది కాబట్టి మొదటి రోజే అంత లోతుకి దిగక్కర్లేదు.

9 మీటలే ఉన్న ఈక్వలైజర్‌లో 6 ఉండదు, 4, 8 ఉంటాయి. రెండిటినీ రెండేసి డెసిబెల్స్ తగ్గించండి. ట్రెబుల్ కోయడానికి మనసొప్పకపోతే 100 హెర్ట్జ్ కింద 3 డెసిబెల్స్ పెంచి చూడండి. కూరలో కారం ఎక్కువైతే కొబ్బరిపాలు పోసినట్టు ఇది కూడా పనిచేస్తుంది. పెంచినప్పుడు మాత్రం ప్రీయాంప్‌ని, అంటే ఈక్వలైజర్‌లో మొత్తం సౌండ్‌కి ఉండే మీటని, అంతే తగ్గించాలి, లేకపోతే పెద్ద శబ్దాల దగ్గర పగులు వినిపిస్తుంది.

మూడో దారి: టిప్స్, ప్యాడ్లు

మెమరీ ఫోమ్ టిప్స్‌ని వేళ్లతో నలిపి పెట్టుకుంటే చెవిలో ఉబ్బి సందు పూడుస్తాయి. బేస్ నిలబడుతుంది, పైస్థాయి అంచు కొద్దిగా అరుగుతుంది. వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌కి మంచి ఎంపిక. సిలికాన్ టిప్స్‌లో కూడా తేడా ఉంది. మధ్య రంధ్రం వెడల్పుగా ఉన్నవి సాధారణంగా ట్రెబుల్‌ని తెరిచి వదులుతాయి, ఇరుకైనవి కాస్త అదుపులో పెడతాయి. టిప్స్ మార్చేటప్పుడు సైజు మాత్రమే చూసి కొనేవాళ్లే ఎక్కువ.

మన డెల్టాలో ఫోమ్‌కి ఒక శత్రువు ఉంది. ఉక్కపోత. చైత్రం వచ్చిందంటే చెమటకి ఫోమ్ జిగటగా మారి, నలిపితే మళ్లీ ఉబ్బడం మానేస్తుంది. పెట్టె మీద రాసినన్నాళ్లు వస్తాయని ఆశపెట్టుకోకండి. మళ్లీ మళ్లీ కొనాల్సిన ఖర్చు అది. వాడాక తుడిచి, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టుకుంటే కాస్త ఎక్కువ కాలం ఆగుతాయి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టొద్దు, ఆ పిండి వెళ్లి ఇయర్‌ఫోన్ మూతికుండే జాలీలో కూర్చుంటుంది. జాలీ అంటే గుర్తొచ్చింది. "శుభ్రం చేయించాక ట్రెబుల్ పెరిగింది" అని కొందరు గోల పెడతారు. పెరగలేదు. అన్నాళ్లూ గుబిలి, పౌడరు కలిసి ఉచితంగా ట్రెబుల్ తగ్గించి పెట్టాయి.

పెద్ద హెడ్‌ఫోన్స్‌కి ప్యాడ్లు మార్చడం గురించి నా అభిప్రాయం వేరు. అది లాటరీ. ప్యాడ్ మందం మారితే చెవికీ డ్రైవర్‌కీ (లోపల శబ్దం పుట్టించే భాగానికీ) దూరం మారుతుంది, గుడ్డ ప్యాడ్ గాలిని వదులుతుంది, రెగ్జిన్ ప్యాడ్ బిగిస్తుంది. శిఖరం తగ్గొచ్చు, పక్కకి జరిగి ఇంకా గుచ్చొచ్చు. నేను రెండు జతలు కొన్నాను. ఒకటి బేస్‌ని పీల్చేసింది, రెండోది వానాకాలం దాటేసరికి పొరలు రాలి భుజాల మీద నల్లటి చుండ్రులా పడింది. పాత ప్యాడ్లు అణిగిపోయి ఉంటే మాత్రం అదే కంపెనీవి కొత్తవి వేయండి. అది మరమ్మతు కిందికే వస్తుంది.

నాలుగో దారి: ప్లాస్టరూ టిష్యూ

మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ పేపర్ ప్లాస్టర్‌కి సన్నటి రంధ్రాలుంటాయి. చిన్న ముక్క కోసి ఇయర్‌ఫోన్ నాజిల్ (టిప్ తొడిగే మూతి) మీద అంటిస్తే పైస్థాయి శబ్దాన్ని కొంత ఆపుతుంది. నాజిల్ మొత్తం మూసేస్తే గొంతులు కూడా మూలుగుతాయి కాబట్టి సగం మూసి మొదలుపెట్టండి. రెండు వైపులా ఒకే కొలత ఉండకపోతే గాయకుడు ఒక పక్కకి జరిగి కూర్చుంటాడు. ఇయర్‌ఫోన్ ఒంటి మీదున్న గాలి రంధ్రాన్ని మాత్రం ముట్టుకోకండి, అది మూస్తే బేస్ లెక్క తప్పుతుంది.

పెద్ద హెడ్‌ఫోన్‌కైతే ప్యాడ్ తీసి, డ్రైవర్ ముందు టిష్యూ కాగితం ఒక పొర పరుస్తారు. ఒక్క పొర, ఆత్రేయపురం పూతరేకంత పల్చగా. రెండు పొరల టిష్యూ అయితే విడదీయాలి. నరసాపురం వైపు వాళ్లు ఎవరైనా లేసు గుడ్డ పెడదామనుకుంటే ఆ కన్నాలకి ఏదీ ఆగదని ముందే చెబుతున్నాను. మా చెల్లెలు పెట్టి చూసింది, అందంగా ఉంది, అంతే.

ఈ పద్ధతికి ఉన్న గొప్ప గుణం, ఫోనైనా టీవీయైనా వాయించే కీబోర్డైనా ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది. లోపం, ఎంత తగ్గిందో ఎక్కడ తగ్గిందో మన చేతిలో లేదు. ఈక్వలైజర్ పెట్టే వీల్లేని చోటే దీన్ని వాడమంటాను.

వైరు, కోడెక్, "వాడగా వాడగా తగ్గుతుంది"

వైరు మార్చితే ట్రెబుల్ తగ్గదు. బ్లూటూత్ కోడెక్ (పాటని కుదించి పంపే పద్ధతి) ఎస్‌బీసీ నుంచి ఎల్‌డాక్‌కి మార్చినా గుచ్చుకునే శిఖరం అక్కడే ఉంటుంది. వైరు మధ్యలో రెసిస్టర్ ఉన్న అడాప్టర్ పెడితే మెత్తబడుతుందనేవాళ్లు ఉన్నారు. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం చిన్న డ్రైవర్లున్న ఇయర్‌ఫోన్స్‌లో అది ఎదురు తిరగొచ్చు. ఆ రకానికే చెందిన ఎటిమోటిక్ ఈఆర్4పీకి 75 ఓమ్స్ అడాప్టర్ తగిలిస్తే అదే కంపెనీ ఈఆర్4ఎస్ లాగా పలుకుతుంది, అంటే ట్రెబుల్ పెరుగుతుంది. "వంద గంటలు వాడితే మెత్తబడుతుంది" అన్నది ఎక్కువగా మన చెవి అలవాటుపడటమే. పది రోజులు వాడి చూడటంలో తప్పులేదు, వాపసు గడువు మాత్రం దాటనివ్వకండి.

ఐదో దారి: వేరేది కొనడం

ఖరీదు పెరిగితే ఈ బాధ పోతుందనుకోవడం భ్రమ. 2009లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 800 అప్పట్లో ఆ కంపెనీ తలమానికం. దానికీ 6 కిలోహెర్ట్జ్ దగ్గర శిఖరం ఉందని విన్నవాళ్లు అన్నారు. తర్వాత వచ్చిన హెచ్‌డీ 800 ఎస్‌లో ఆ శిఖరాన్ని మింగే అబ్సార్బర్ పెట్టారు. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో స్టూడియోల్లో పేరున్నదే, ట్రెబుల్ పదునుకీ అంతే పేరు. అదే తరహాలో కప్పుల వెనక తెరిచి ఉండే సెన్‌హైజర్ హెచ్‌డీ 650 మెత్తని స్వరానికి పేరుపడింది. అలాంటి ఓపెన్ హెడ్‌ఫోన్ కొనేముందు మీ గది చూసుకోండి. ఫ్యాన్ గిరగిరా, కరెంటు పోతే పక్కింటి జనరేటరూ అన్నీ నేరుగా లోపలికి వస్తాయి.

కొనేటప్పుడు సమీక్షల్లో గ్రాఫ్ ఉంటే 5 నుంచి 9 మధ్య నిటారుగా లేచిన శిఖరం ఉందేమో చూడండి. హార్మన్ టార్గెట్ అనే గీత పక్కన పెట్టి చూపిస్తే ఇంకా సులువు. చాలామందికి నచ్చే స్వరం ఎలా ఉంటుందో శ్రోతలతో పరీక్షలు చేయించి గీసిన గీత అది. కాకినాడలోనో రాజమండ్రిలోనో విని కొనే వీలుంటే మీకు బాగా తెలిసిన పాట ఫోన్‌లో పట్టుకెళ్లండి, షాపువాళ్లు పెట్టే డెమో పాటలో అన్నీ బాగుంటాయి. ఆన్‌లైన్‌లో అయితే సీల్ తీసిన ఇయర్‌ఫోన్స్ వాపసు తీసుకుంటారో లేదో డబ్బు కట్టకముందే చదవండి.

| దారి | ఖర్చు | కచ్చితత్వం | వెనక్కి తీసుకోవచ్చా | మన వాతావరణంలో |
|---|---|---|---|---|
| టిప్ సైజు, లోతు, సౌండ్ | లేదు | సందు ఉంటే అద్భుతం, లేకపోతే తక్కువ | వెంటనే | ఇబ్బంది లేదు |
| పారామెట్రిక్ ఈక్వలైజర్ | ఉచితమైనవి ఉన్నాయి | చాలా ఎక్కువ | వెంటనే | ఇబ్బంది లేదు |
| ట్రెబుల్ మీట | లేదు | మొద్దు | వెంటనే | ఇబ్బంది లేదు |
| ఫోమ్ టిప్స్ | వందల్లో, మళ్లీ మళ్లీ | కొద్దిగా | సులువుగా | చెమటకి తొందరగా పాడు |
| ప్యాడ్లు మార్చడం | మోడల్‌ని బట్టి | లాటరీ | పాతవి దాచుకుంటే | రెగ్జిన్ పొరలు రాలుతుంది |
| ప్లాస్టర్, టిష్యూ | పదుల్లో | ఊహే | పీకేయొచ్చు, జిగురు మిగలొచ్చు | చెమటకి ఊడుతుంది |
| కొత్తది | ఎక్కువ | విని కొంటే బాగు | వాపసు గడువు వరకే | ఓపెన్ రకానికి నిశ్శబ్దం కావాలి |

ఎవరికి ఏది

రోజూ బస్సులో తిరిగే విద్యార్థికి: ఈక్వలైజర్ జోలికి వెళ్లకముందు టిప్స్. సందు మూసి, సౌండ్ తగ్గించి వారం వినండి. డబ్బు పెట్టాలనుకుంటే ట్రెబుల్ తగ్గించేదాని మీద పెట్టకండి, రొద తగ్గించేదాని మీద పెట్టండి.

మా బావకి మాత్రం దీనికి పూర్తిగా తలకిందుల సలహా ఇచ్చాను. కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులు. రాత్రి గట్టు మీద మంచం వేసుకుని పాటలు వింటాడు. ఆయన చెవి ఒకటి ఎప్పుడూ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు మీదే ఉండాలి. కరెంటు పోయి చక్రాలు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట తేలిపోతుంది. అలాంటి మనిషికి ఫోమ్ టిప్స్, ఏఎన్‌సీ ఇస్తే అపకారం చేసినట్టే. ఆయనకి చెవి మూయని పాత తరహా ఇయర్‌ఫోన్సే సరి. వాటికి సందు పుట్టుకతోనే ఉంటుంది కాబట్టి బేస్ రాదు, ట్రెబుల్ పైకి తేలుతుంది. "బావా, నువ్వు ఒక్క చెవికే పెట్టుకో, రెండు వైపుల శబ్దమూ ఒక్క చెవికే వచ్చేలా మోనో ఆన్ చెయ్యి, 4, 8 మీటలు కిందికి లాగు" అన్నాను. "ఆయ్, ఇంత చిన్న పనికా నన్ను మూడు నెలలు తిప్పావు?" అన్నాడు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి: ఇక్కడ తప్పు చేస్తే నష్టం మీ చెవితో పోదు. పదునైన హెడ్‌ఫోన్‌తో పనిచేస్తే గట్టిమేళం దగ్గర చెవి నొచ్చి, వీడియోలోనే ట్రెబుల్ తగ్గిస్తారు. ఇంటికెళ్లి టీవీలో పెట్టుకుంటే పంతులు గారి మంత్రాలు గోనెసంచిలోంచి వచ్చినట్టుంటాయి. మీరు ఈక్వలైజర్ వాడాలి, కానీ అది కంప్యూటర్ శబ్దం బయటికి వచ్చే చోట ఉండాలి, ప్రాజెక్టులో మాస్టర్ ట్రాక్ మీద కాదు. మాస్టర్ మీద పెట్టి మరిచిపోతే ఎక్స్‌పోర్ట్‌లో అదీ కలిసిపోతుంది. ప్లాస్టర్, టిష్యూ మీకు పనికిరావు. చివరిగా ఒకసారి మామూలు టీవీ స్పీకర్‌లో విని పంపండి.

సంగీతం నేర్చుకునేవాళ్లు ట్రెబుల్ మీట ముట్టుకోకండి. శ్రుతి పట్టుకోవడానికి తంబూరా పైస్వరాలు కావాలి. సన్నగా ఒకే చోట కోసే ఫిల్టర్ మాత్రమే వాడండి.

పెద్దవాళ్ల సంగతి. మా నాన్నగారికి డెబ్బై దాటాయి. "వినపడటం లేదు, గట్టిగా చెప్పు" అంటారు. కాస్త గట్టిగా చెబితే "అరుస్తావేంట్రా" అంటారు. వెనకటికి దీన్ని చాదస్తం అనుకునేవాళ్లం. వయసుతో పైస్థాయి వినికిడి తగ్గినప్పుడు చిన్న శబ్దాలు వినపడవు, ఒక హద్దు దాటగానే మాత్రం శబ్దం ఒక్కసారిగా పెద్దదై బాధపెడుతుంది. వినికిడికీ బాధకీ మధ్య చోటు ఇరుకైపోతుంది. ఇలాంటివాళ్లకి ట్రెబుల్ కోస్తే గుచ్చుకోదు, కానీ మాట అర్థం కాదు. స్టీలు గిన్నెలు కడుగుతున్న చప్పుడుకే చెవులు మూసుకుంటున్నా, చెవిలో హోరు ఉన్నా, ఏ వయసువాళ్లయినా హెడ్‌ఫోన్ పక్కన పెట్టి ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి. నాన్నగారికి పరీక్ష చేయించి, ఆ కాగితం చేతికొచ్చాకే ఆయన హెడ్‌ఫోన్ ముట్టుకున్నాను. పూర్తిగా కప్పే మెత్తటి ప్యాడ్లున్నది, సౌండ్ ఒక హద్దు దాటకుండా ఫోన్‌లో లిమిట్, 7 దగ్గర 2 డెసిబెల్స్ కోత. ఇంకో 2 తగ్గిస్తానంటే వద్దన్నారు. వీణ మీద మెట్ల చప్పుడు పోతుందట.